చెన్నై ఎండల్లో రీఫ్ తొట్టె: కొన్నేళ్లుగా వాడుతున్న రిఫ్రాక్టోమీటర్ గురించి

పగడం ముడుచుకుపోయిందనగానే చాలామంది మందు సీసా కోసం వెతుకుతారు. నేను మాత్రం ముందు నీటిలో ఉప్పు ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటర్ తీస్తాను. చెన్నై విల్లివాక్కంలో మా ఇంటి హాల్లో పగడాలు పెంచే ఉప్పు నీటి తొట్టె పెట్టుకున్న ఇన్నేళ్లలో డబ్బు పోసి చాలా కొన్నాను. వాటన్నిటిలో పగడాలను ఎక్కువసార్లు కాపాడింది జానెడు కూడా లేని ఈ గొట్టమే. అందుకే దీని గురించి వివరంగా రాయాలనిపించింది.

ముందుగా మా తొట్టె సంగతి. అందులో ఉన్నవన్నీ మెత్తని రకాలు: తోలులాంటి పైభాగం ఉన్న ఒక పెద్ద లెదర్ పగడం, కొన్ని మష్రూమ్ పగడాలు, ఒక రాయి నిండా చిన్న పూలలా గుంపుగా పెరిగే జోవాలు. సున్నపు గూడు కట్టే గట్టి పగడాల జోలికి నేను వెళ్లను. వాటన్నిటినీ, నల్ల పగడాలనూ, సీ ఫ్యాన్‌లనూ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. మన్నార్ సింధుశాఖ పగడాలు 2010లో, మళ్లీ 2016లో వేడికి తెల్లబారాయి. అక్కడి ముక్కను పెకలించి తెచ్చి ఎవరైనా చవగ్గా ఇస్తామంటే వద్దని చెప్పి వచ్చేయాలి.

ఇక చెన్నైలో ఉప్పు కొలవడం ఎందుకంత ముఖ్యమో చెబుతాను. తొట్టె నీరు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే పగడాలకు హాయి. మే మొదట్లో అగ్నినక్షత్రం (తమిళనాట నడివేసవి ఎండల కాలం) మొదలైనప్పటి నుంచి రోహిణి కార్తె ముగిసేదాకా ఇక్కడ గది వేడే అంతకంటే ఎంతో ఎక్కువ. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనలేని వారందరం నీటి మీదకు చిన్న ఫ్యాన్లు తిప్పుతాం. ఫ్యాను నీటిని ఆవిరి చేసే చల్లబరుస్తుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే మిగులుతుంది. వంద లీటర్ల నీటిలో మూడు లీటర్లు ఎగిరిపోతే కిలోకు 35 గ్రాములున్న ఉప్పు 36 దాటుతుంది. ఆ లోటును ఉప్పు నీటితో పూడిస్తే ఇంకా పెరుగుతుంది. బోరు నీటితో పూడిస్తే ఆ నీటిలోని ఖనిజాలూ ఫాస్ఫేటూ కొద్దికొద్దిగా పేరుకుంటాయి. లోటు పూడ్చడానికి ఫిల్టరులో శుద్ధి చేసిన ఆర్‌ఓ నీరే వాడాలి, అదీ మిగిలిన లవణాలను పట్టేసే డీఐ గొట్టం గుండా వచ్చి, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపే నీరు. సముద్రపు గాలిలో తేమ నిండిన రోజున ఫ్యాను సరిగా చల్లబరచదు, నీరూ అంతగా ఆవిరికాదు. అంటే ఇవాళ పోసినంతే రేపూ పోద్దామంటే ఈ ఊళ్లో లెక్క కుదరదు. కొలిచి తీరాలి.

35 అంటే కిలో నీటిలో 35 గ్రాముల ఉప్పులు. సాంద్రత స్కేలు మీద అది సుమారు 1.026. ముల్లు తేలే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌తోనూ దీన్ని కొలవచ్చు కానీ, ఆ ముల్లుకు ఒక్క గాలి బుడగ అంటుకున్నా పైకి లేచి ఎక్కువ చూపిస్తుంది. రిఫ్రాక్టోమీటర్‌కు ఆ బెడద లేదు. గాజు పలక మీద రెండు మూడు చుక్కలు వేసి, మూత బుడగ రాకుండా మెల్లగా దించి, అర నిమిషం ఆగి, కిటికీ వైపు తిప్పి చూడాలి. పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి. ఆ రెండూ కలిసే గీత ఎక్కడ ఉంటే అదే అంకె. కరెంటు అక్కరలేదు, బ్యాటరీ అక్కరలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు కరెంటు పోయినప్పుడు నీటిని కదిలించే వేవ్‌మేకర్ ఒక్కదాన్ని ఇన్వర్టర్ మీద నడుపుకుంటూ, ఉప్పును మాత్రం పగటి వెలుగులో నిశ్చింతగా కొలుచుకున్నాను.

అయితే ఈ పరికరాన్ని నమ్మాలంటే దాన్ని సరిచూసే పద్ధతి తెలియాలి. పోయిన వేసవిలో మా పై అంతస్తు కుర్రాడు దిగులు ముఖంతో వచ్చాడు.

“పిన్నీ, వారం నుంచి జోవాలు విచ్చుకోవడం లేదు. ఉప్పు సరిగ్గా 35 ఉంది. అయోడిన్ పోయమంటున్నారు, పోయనా?”

“ఆగు నాన్నా, ముందు నీ రిఫ్రాక్టోమీటర్ తీసుకురా.”

అతను దాన్ని ఆర్‌ఓ నీటితో సున్నాకు పెట్టుకుంటున్నాడు. డబ్బాతో వచ్చే కాగితంలోనూ అలాగే రాసి ఉంటుంది. నా దగ్గరున్న, సరిగ్గా 35 చూపాల్సిన ప్రమాణ ద్రావణం రెండు చుక్కలు వేసి చూస్తే నీలం గీత 32 దగ్గర ఆగింది. సున్నా దగ్గర సరిగానే ఉంది కానీ, మనకు కావలసిన చోట మూడు తక్కువ చూపుతోంది. అంటే అతని తొట్టెలో 35 అని కనిపించినది నిజానికి 38. జోవాలు మూతి బిగించుకోవడంలో వింతేముంది? వంద లీటర్ల తొట్టెకు ఎనిమిది లీటర్ల ఉప్పు నీరు తీసి, అంతే ఆర్‌ఓ నీరు పోస్తే 35కు వస్తుంది. ఒక్కసారిగా కాదు, రోజుకు రెండు లీటర్ల చొప్పున మార్చమన్నాను. రాయి అంచున ఉన్నవి ముందు విచ్చుకున్నాయి, నడుమ గుంపుగా ఉన్నవి ఆ తరువాత. అయోడిన్ సీసా మూత తీయనే లేదు.

ప్రమాణ ద్రావణం దొరకకపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. 36.5 గ్రాముల మామూలు ఉప్పును 963.5 గ్రాముల శుద్ధమైన నీటిలో కరిగిస్తే, ఆ ద్రావణం రిఫ్రాక్టోమీటర్‌లో 35 సముద్రపు నీటితో సమానంగా కనిపించాలి. కనిపించకపోతే చిన్న స్క్రూ తిప్పి గీతను 35 మీద నిలపాలి. గ్రాములో పదో వంతు చూపే త్రాసు తప్పనిసరి. ఈ ద్రావణం రిఫ్రాక్టోమీటర్‌కే సరిపోతుంది, విద్యుత్ వాహకత చూసే మీటర్లకు కాదు. నేను నెలకోసారి సరిచూస్తాను, పగడాలు ఏమాత్రం తేడాగా కనిపించినా మళ్లీ చూస్తాను.

ఇంకో ఉపయోగం కూడా ఉంది. అలంకార చేపలు అమ్మే కొళత్తూరు దుకాణాల నుంచి తెచ్చిన సంచీలోని నీటిని తప్పక కొలుస్తాను. చేపల తొట్టెలను తక్కువ ఉప్పుతో నడిపే అలవాటు వ్యాపారంలో మామూలే. ఆ నీటిలో ఉన్న పగడాన్ని నేరుగా 35లో వేస్తే అది రోజుల తరబడి తేరుకోదు. సన్నని గొట్టంతో చుక్కచుక్కగా మన నీటిని కలుపుతూ పోవాలి.

లోపాలూ ఉన్నాయి. స్కేలు గీతలు చాలా సన్నం, చత్వారం ఉన్నవారికి కష్టం. ట్యూబులైటు కింద గీత మసకగా కనిపిస్తుంది. వాడిన ప్రతిసారీ మంచినీటితో కడిగి మెత్తని గుడ్డతో తుడవాలి, లేకపోతే గాజు అంచుల్లో ఉప్పు గడ్డకడుతుంది. మొదట్లో కొన్నదాని స్క్రూ ఈ ఊరి ఉప్పు గాలికి తుప్పుపట్టి బిగుసుకుపోయింది, రెండోది కొనాల్సి వచ్చింది.

ఉప్పు సరిగా ఉండి కూడా పగడం నలతగా ఉంటే ఈ పరికరం పని అక్కడితో అయిపోయినట్టే. వెంటనే చూడవలసింది ఉష్ణోగ్రత, అదీ మధ్యాహ్నం మూడింటికి. ఉదయం చూసి బాగుందనుకుంటే లాభం లేదు. తరువాత ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి, దాన్ని డీకేహెచ్‌లలో కొలుస్తారు. చుక్కలు వేసి రంగు మారేదాకా చూసే కిట్ చాలు. 7 నుంచి 11 డీకేహెచ్ మధ్య ఎక్కడ ఉన్నా ఫరవాలేదు కానీ, ఇవాళ 7, వారం తిరక్కుండా 10 అన్నట్టు ఊగిసలాడితేనే ముప్పు. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు దించాలన్న పట్టుదల మెత్తని పగడాల తొట్టెలో పనికిరాదు. అవి రెండూ పూర్తిగా లేని నీటిలో పగడాలు పాలిపోతాయి, బుడగలతో నిండిన గోధుమరంగు జిగురు దారాలు రాళ్లను కమ్ముకుంటాయి.

లెదర్ విషయంలో కొత్తవారు అనవసరంగా భయపడుతుంటారు. ఉన్నట్టుండి దాని పైనున్న చిన్న కుచ్చులన్నీ లోపలికి పోయి, పైభాగం మైనం పూసినట్టు మెరుస్తుంది. కొన్ని రోజులకు ఆ పొర చిట్లి, అంచుల దగ్గర ఉల్లిపొర లాగా లేచి నీటిలో ఆడుతుంది. అది పాత చర్మం, దానితో పాటు నాచునూ మురికినీ వదిలించుకుంటోంది. జబ్బు కాదు. వేవ్‌మేకర్‌ను కాస్త అటు తిప్పి నీటి తాకిడి పెంచండి, చేత్తో పీకకండి. ఆ రోజుల్లో యాక్టివేటెడ్ కార్బన్ సంచీ కొత్తది వేయడం నా అలవాటు. లెదర్‌లు నీటిలోకి వదిలే రసాయనాలు పక్కనున్న పగడాలను బాధిస్తాయి, కార్బన్ వాటిని పీల్చేస్తుంది. ఇంత చవగ్గా ఇంత మేలు చేసేది ఇంకొకటి నేను చూడలేదు.

అన్నీ సరిగా ఉండి జోవాలు మాత్రమే మూసుకుని ఉంటే రాత్రి లైట్లు ఆరాక టార్చితో వెతకండి. వాటిని తినే నత్తలు, జోవాల రంగులోనే కలిసిపోయే నూడీబ్రాంక్‌లు (పెంకు లేని సముద్రపు నత్తలు) అప్పుడే బయటపడతాయి. పురుగులను వదిలించే డిప్ ద్రావణంలో జోవాల రాయిని ముంచితే పురుగులు రాలతాయి కానీ గుడ్లు చావవు, అందుకని వారం తరువాత మళ్లీ ముంచాలి. ఈ పనికి చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. కొన్ని జోవాలలో, వాటికి దగ్గరి రకమైన పాలీథోవాలలో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. అవి ఉన్న రాయిని వేడినీటిలో వేయడం, మరిగించడం, బ్రష్షుతో రుద్దడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలైన ఉదంతాలు విదేశాల్లో ఉన్నాయి. మందుల గురించి ఇంకొక్క మాట: చేపలకు పోసే మందులో రాగి ఉంటే అది పగడాల తొట్టెలోకి ఒక్క చుక్క కూడా వెళ్లకూడదు.

కొనదలచినవారు స్కేలును జాగ్రత్తగా చూసుకోండి. కొన్ని పరికరాలు సముద్రపు నీటికి కాక వట్టి సోడియం క్లోరైడ్ ద్రావణానికి తయారైనవి. వాటిని మంచినీటితో సున్నాకు పెట్టి వాడితే 35 సముద్రపు నీటిని సుమారు ఒకటిన్నర ఎక్కువగా చూపుతాయి. పైన చెప్పిన ద్రావణంతో 35 దగ్గర సరిచేసుకుంటే వాటితోనూ పని జరుగుతుంది. నాది రెండు వేల రూపాయల లోపే వచ్చింది. ప్రమాణ ద్రావణం సీసా కూడా అప్పుడే తీసుకోండి. మూత గట్టిగా బిగించి పెట్టండి, వదులుగా ఉంటే ఆ సీసాలోని నీరూ ఆవిరైపోతుంది.