బోటు ఇంజన్‌కి ప్రెషర్ టెస్టర్, ఆయిల్ గేజి సెట్టు: కొనొచ్చా?

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం జెట్టీల్లో ఇంజన్లు విప్పేది ఆ 61 రోజుల్లోనే. ఆయిల్ పాల టీ రంగుకి మారిందంటే అందులో నీళ్లు కలిసినట్టు. అది కనిపిస్తే చాలు, చాలాచోట్ల ముందు హెడ్డు (సిలిండర్ల పై మూత) దించేస్తారు. అది తప్పు. హెడ్డు దించాక నీళ్ల దారి తెరుచుకుపోతుంది, ప్రెషర్ పెట్టి లీకు వెతికే వీలే ఉండదు. పానా పట్టకముందే వాడాల్సిన రెండు పరికరాల మీద ఈ రివ్యూ. ఒకటి, కార్ల షెడ్ల కోసం ఆన్‌లైన్‌లో అమ్మే చేతిపంపు రేడియేటర్ టెస్టర్. రెండోది, మెకానికల్ ఆయిల్ ప్రెషర్ గేజి సెట్టు. హీట్ ఎక్స్‌ఛేంజర్ (ఇంజన్ నీళ్లని సముద్రపు నీటితో చల్లబరిచే ట్యూబుల పెట్టె) ఉన్న ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌కి ఇవి ఎంతవరకు పనికొస్తాయో చూద్దాం.

టెస్టర్ పెట్టెలో మూతలు చాలానే ఉంటాయి కానీ అన్నీ కార్లవే. బోటు హెడర్ ట్యాంకుకి (ఇంజన్ చల్లబరిచే నీళ్లు పోసే ట్యాంకు) ఏదీ సరిపోకపోతే, పాత మూతలోని స్ప్రింగు వాల్వు తీసేసి, మధ్యలో నిపుల్ బ్రేజింగ్ చేయించి, హోసు తొడగాలి. చవకరకం పంపుల్లో ఎక్కించిన ప్రెషర్ వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వే కారుతుంటుంది. అందుకని ముందు హోసు చివర మూసి 15 పీఎస్‌ఐ ఎక్కించి పది నిమిషాలు చూడండి. ముల్లు దిగితే లోపం టెస్టర్‌దే, ఇంజన్‌ది కాదు.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే పరీక్ష. ట్యాంకు నిండా నీళ్లు పోయాలి. లోపల గాలి మిగిలితే ముల్లు మెల్లగా దిగుతుంది, చిన్న లీకు తెలియదు. ట్యాంకు మూత మీద 7 అని ఉంటే 7 పీఎస్‌ఐ, 13 అని ఉంటే 13, అంతకు మించి ఎక్కించొద్దు. ఇరవై నిమిషాలు ఆగండి. ముల్లు దిగుతుంటే హోసు క్లిప్పులు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం చూడండి. బయట అంతా పొడిగా ఉంటే హీట్ ఎక్స్‌ఛేంజర్‌కి సముద్రపు నీటి గొట్టం విప్పండి. లోపలున్న నీళ్లు కారిపోయాక కూడా చుక్క ఆగకపోతే ట్యూబుకి చిల్లు పడినట్టే.

అక్కడా ఏమీ లేకపోతే ఇన్‌జెక్టర్లు తీసి ఇంజన్‌ని చేత్తో తిప్పాలి. నీళ్లు చిమ్మిన సిలిండర్ దగ్గర గ్యాస్కెట్టో, హెడ్డు పగులో ఉంటుంది. సిలిండర్లో నీళ్లుండగా స్టార్టర్ మాత్రం కొట్టొద్దు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆయిల్ ఛాంబర్ దించే చోటుంటే, ప్రెషర్ అలాగే ఉంచి కింది నుంచి టార్చి వేసి చూడండి. లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) కింది అంచు నుంచి చుక్క పడితే దాని చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగు పోయింది. ఏ లైనరో కూడా అక్కడే తెలిసిపోతుంది. ఈ ఒక్క పనికే టెస్టర్ డబ్బు గిట్టుతుంది. ఛాంబర్ దిగని బోట్లలో రాత్రంతా వదిలేసి తెల్లారి డ్రెయిన్ ప్లగ్గు కొంచెం వదులు చేయండి. నీళ్లు బరువు కాబట్టి ముందు అవే వస్తాయి.

టెస్టర్‌కి దొరకనివీ ఉన్నాయి. ఇంజన్ నడుస్తున్నప్పుడు మాత్రమే గ్యాస్కెట్ దాటే పొగ ఈ కొద్ది ప్రెషర్‌కి బయటపడదు. దానికి ఇంజన్ నడుపుతూ ట్యాంకులో బుడగలు చూసి, ఇన్‌జెక్టర్ పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేయాలి. ఏ సిలిండర్ ఆగినప్పుడు బుడగలు తగ్గాయో లోపం అక్కడుంది. సముద్రపు నీటితో చల్లబడే ఆయిల్ కూలర్ లీకూ దీనికి అందదు. గేరుతో తిరిగే సముద్రపు నీటి పంపుదీ అదే సంగతి. దాని రెండు సీళ్ల మధ్య రంధ్రం పెయింటుతో మూసుకుపోతే, కారిన ఉప్పునీరు బయటికి రాలేక ఆయిల్ సీలు దాటి టైమింగ్ కేసులోకి వెళ్తుంది. అందుకే పక్కన నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే చిన్న టీడీఎస్ మీటరు కూడా కొనండి. ఛాంబర్ నుంచి తీసిన నీళ్లు, ట్యాంకు నీళ్లు, బోటు పక్క నీళ్లు మూడూ కొలిచి, ఛాంబర్ నీళ్లు మిగతా రెంటిలో దేనికి దగ్గరో పోల్చండి. వరద నెలల్లో గోదావరి మొగల దగ్గర సముద్రం పలచబడుతుంది కాబట్టి ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకూడదు.

ఇక ఆయిల్ గేజి. నీళ్లు కలిసిన ఆయిల్‌తో తీసిన రీడింగుకి విలువ లేదు. ముందు లీకు ఆపి, ఆయిల్, ఫిల్టరు మార్చి, ఆ తర్వాతే కొలవాలి. సెండర్ (ఆయిల్ ప్రెషర్ సెన్సర్) తీసిన రంధ్రంలో అడాప్టర్ పెట్టేటప్పుడు మర చూసుకోండి. 1/8 ఎన్‌పీటీకి అంగుళానికి 27 చుట్లు, 1/8 బీఎస్‌పీకి 28. దగ్గర దగ్గరగా ఎక్కినట్టే ఉంటుంది, బలవంతంగా బిగిస్తే బ్లాకు మర పోతుంది. హోసు ఎగ్జాస్ట్‌కి తగలకూడదు, పగిలితే వేడి ఆయిల్ చిమ్మి నిప్పంటుకుంటుంది.

ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో, 1000, 1500 ఆర్‌పీఎంల దగ్గర రాసుకోండి. మోటు లెక్కన వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్‌ఐ ఉండాలి, అసలు అంకె మాన్యువల్‌దే. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడిలో పడిపోతే బేరింగ్ షెల్స్ అరిగి ఉండొచ్చు, లేదా ఆయిల్‌లో డీజిల్ కలుస్తోంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే ఫీడ్ పంపు డయాఫ్రం చూడండి. రెండు స్థితుల్లోనూ తక్కువుంటే ఎక్కువైన ఆయిల్ ప్రెషర్‌ని వదిలే రిలీఫ్ వాల్వులో చెత్త, స్ప్రింగు ముందు చూడాలి. చవకైన పని అదే. తర్వాతే స్ట్రెయినర్, పంపు. ముల్లు వణుకుతుంటే ఆయిల్ మట్టం తక్కువో, సక్షన్ పైపు జాయింటులో గాలి చొరబడుతోందో అయుంటుంది.

టెస్టర్ కొనండి, మూత మార్పు ఖర్చు కలుపుకుని. గేజి సెట్టు మాత్రం వద్దు. గ్లిజరిన్ నింపిన 0–10 బార్ గేజి విడిగా కొని, హైడ్రాలిక్ హోసులు చేసే షాపులో మీటరు పొడవు హోసు కట్టించుకుంటే ఇంజన్ కుదుపుకి ముల్లు నిలకడగా ఉంటుంది, ఉప్పుగాలికీ ఎక్కువ కాలం ఆగుతుంది.