రెండున్నరేళ్లు వాడాక మా మడత స్ట్రోలర్ గురించి: మడత కంటే వాలే సీటే ముఖ్యం

చిన్న పిల్లతో పెద్ద నగరం చూడ్డానికి వెళ్లేవాళ్లు స్ట్రోలర్ కొనేముందు అడిగేది ఒకటే, ఎంత చిన్నగా మడవొచ్చు అని. నేనూ అదే అడిగాను. ఒంటి చేత్తో మడిచే వీడియోలు ఓ పది చూసి, విమానంలో పైన పెట్టుకోవడానికి పడుతుందో లేదో కొలతలు రాసుకుని మరీ కొన్నాను. పాపకి పద్నాలుగు నెలలప్పుడు కొన్న బండి, తనకి నాలుగేళ్లు దగ్గరపడేదాకా ప్రతి ప్రయాణంలోనూ మాతోనే ఉంది. ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే మడత గురించి తర్వాత చూద్దాం, సీటు ఎంతవరకు వెనక్కి వాలుతుందో ముందు అది చూడండి అంటున్నాను.

మడతకి పేరు రావడంలో ఆశ్చర్యం లేదు. 1965లో గొడుగులా ముడుచుకునే బండిని తయారుచేసిన ఓవెన్ మక్లారెన్ విమానాల ఇంజనీరు, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరిక మీద పనిచేసినవాడు. విమానం చక్రాలు లోపలికి ముడుచుకున్నట్టు పిల్లల బండి కూడా ముడుచుకోవాలని ఆయన అల్యూమినియం గొట్టాలతో చేశాడు. అప్పటినుంచీ అందరి కళ్లూ దాని మీదే. కానీ రోజంతా తిరిగేటప్పుడు బండి మడిచే సందర్భాలు మహా అయితే నాలుగైదు. పిల్ల నిద్రపోయేది మాత్రం ఒక్కసారే, ఆ ఒక్క నిద్ర సరిగ్గా పడకపోతే మిగతా రోజంతా పోయినట్టే.

ఇది మాకు అనుభవం మీదే తెలిసింది. ఈ బండి కొనకముందు ఒక ప్రయాణానికి తెలిసినవాళ్ల దగ్గర తీసుకున్న స్ట్రోలర్‌తో వెళ్లాం. దాని సీటు నిటారుగా ఉండేది, వాలేది కాదు. పొద్దున్న రెండు చోట్లు, మధ్యాహ్నం రెండు చోట్లు అని కాగితం మీద చక్కగా రాసుకున్నాం. ఒంటిగంటకల్లా పాప ఏడుపు మొదలు. తల ముందుకు వాలిపోతోంది, ఉలిక్కిపడి లేస్తోంది, మళ్లీ వాలుతోంది. సరే గదికి పోదాం అని ముప్పావుగంట ప్రయాణం చేసి వెనక్కి వస్తే, దారిలో నా భుజం మీద పది నిమిషాలు పడుకుని, మంచం మీద వేయగానే కళ్లు తెరిచేసింది. ఇక పడుకోలేదు. మేం మళ్లీ బయటికి వెళ్లలేదు. అలా వరసగా మూడు రోజులు.

ఈ బండిలో సీటు వెనకాల ఒక పట్టీ, దానికి చిన్న ప్లాస్టిక్ బిగింపు ఉంటుంది. రెండు వేళ్లతో నొక్కి లాగితే సీటు నెమ్మదిగా, చప్పుడు లేకుండా వెనక్కి దిగుతుంది. కొన్నింటిలో టక్‌టక్‌మని మెట్లు మెట్లుగా దిగే పద్ధతి ఉంటుంది కదా, ఆ టక్ అన్న శబ్దానికే సగం నిద్రలో ఉన్న పిల్ల లేచి కూర్చుంటుంది. పట్టీతో ఆ బాధ లేదు. నడుస్తూ నడుస్తూనే, పాప కళ్లు బరువెక్కడం చూసి, అంగుళం అంగుళం దించేదాన్ని. చివరికి తల పక్కకి తిరిగి, నోరు కొంచెం తెరుచుకుని, పిడికిలి వదులయ్యేది. ఆ పిడికిలి వదులైందంటే నాకు రెండు గంటలు దొరికినట్టే.

అక్కడినుంచి మా ప్లానింగ్ మొత్తం తిరగబడింది. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర, మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలంటారు, పగటి నిద్రతో కలిపి. మా పాప రాత్రి పదిన్నర గంటలు పడుకునేది. అంటే పగలు గంటన్నర, రెండు గంటలు ఎక్కడో ఒకచోట పడాల్సిందే. ఇంతకుముందు మేం చూడాల్సిన చోట్లు రాసుకుని మధ్యలో నిద్ర ఎక్కడ ఇరికించాలా అని చూసేవాళ్లం. ఇప్పుడు కాగితం మీద ముందు పన్నెండున్నర నుంచి రెండున్నర గీత గీసి, దాని చుట్టూ మిగతావి రాయడం మొదలుపెట్టాం. పొద్దున్న పాప పరిగెత్తగలిగే చోటు, పార్కో జంతుప్రదర్శనశాలో. బాగా అలిశాక ఏదైనా తినిపించి, బండిలో వేసి, తను పడుకోగానే మ్యూజియం. నున్నటి నేల, లిఫ్టు, చల్లదనం, అందరూ నెమ్మదిగా మాట్లాడుకునే చోటు, నిద్రపోయే పిల్లకి అంతకంటే ఏం కావాలి? మెలకువగా ఉన్న పిల్లని పొద్దున్నే మ్యూజియానికి తీసుకెళ్లి, ముట్టుకోకు, అరవకు అని వెంటపడిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. తప్పు పాపది కాదు, మా ప్లానుది.

మొదటిసారి అలా వెళ్లినప్పుడు ఒక పెద్ద బొమ్మ ముందు ఇరవై నిమిషాలు నిలబడ్డాను. కాలితో బండిని కొంచెం ముందుకీ వెనక్కీ కదుపుతూ, బొమ్మలో మూలన ఉన్న కుక్కదాకా అన్నీ చూశాను. పాప పుట్టాక అంతసేపు ఒకే వస్తువుని చూడటం అదే మొదలు. నాకు ఈ బండి మీద ఇంత ప్రేమ ఉండటానికి కారణం ఆ ఇరవై నిమిషాలే అనుకుంటాను.

ఇక అది విరిగిన రోజు సంగతి. పాపకి అప్పటికి రెండున్నరేళ్లు, పదమూడు కిలోలు. సాయంత్రం నగరమంతా కనిపించే ఎత్తైన టవర్ ఎక్కుదామని ముందే టికెట్లు తీసుకున్నాం, ఫలానా టైముకి రావాలని రాసి ఉండే టికెట్లు. దారిలో ట్రామ్ పట్టాలున్న రోడ్డు దాటాలి. సిగ్నల్ పడిపోతుందేమో అని ఐమూలగా దాటాం. ముందు చక్రాలు గిరగిరా ఎటైనా తిరిగే రకం కదా, ఒక చక్రం పట్టా పక్కన ఉండే గాడిలో దిగి, గాడి వెంబడే తిరిగిపోయి అక్కడే ఇరుక్కుంది. నేను తోస్తూనే ఉన్నాను. బండి ఠక్కున ఆగింది, పాప ముందుకి ఊగింది, భుజాల మీద, నడుముకి, కాళ్ల మధ్య ఉండే ఐదు పట్టీల బెల్టు పెట్టి ఉండబట్టి పడలేదు. నేను వెనక్కి లాగితే బండి వచ్చింది, చక్రం మాత్రం గాడిలోనే ఉండిపోయింది. మా ఆయన పాపతో సహా బండిని ఎత్తుకుని అవతలికి పరిగెత్తాడు, నేను వంగి చక్రం పీక్కుని వెనకాలే వెళ్లాను. ఫుట్‌పాత్ మీదకి చేరాక కూడా కాసేపు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

చక్రం తిప్పి చూస్తే ఇరుసు చుట్టూ వెంట్రుకలు, దారప్పోగులు, ఉంగరంలా గట్టిగా చుట్టుకుని ఉన్నాయి. అన్నీ నా పొడుగాటి వెంట్రుకలే. ఎన్ని నెలలుగా చుట్టుకుంటున్నాయో. రెండు వారాలుగా కీచుమంటోంది, బిగుసుకుపోయింది, ఇంటికెళ్లాక చూద్దాంలే అని వదిలేశాం. చక్రం సరిగ్గా దొర్లకపోవడంతో ఇరుక్కున్నప్పుడు బలమంతా దాన్ని పట్టి ఉంచే క్లిప్పు మీద పడిందని మా ఆయన లెక్క. గోళ్ల కత్తెరతో ఆ చుట్టంతా కోసి తీయడానికే ఇరవై నిమిషాలు పట్టింది. క్లిప్పు పన్ను అరిగిపోయి చక్రం పెడితే నిలబడుతోంది, బండి ఎత్తితే ఊడిపోతోంది. వెనక రెండు చక్రాల మీదే ఒరిగించి సూట్‌కేసులా ఈడ్చుకుంటూ వెళ్లాం. మెట్రో స్టేషన్‌లో లిఫ్టు పనిచేయడం లేదు. టవర్ దగ్గరికి చేరేసరికి మా టైము దాటి నలభై నిమిషాలు. లోపలికి పంపలేదు, డబ్బూ వెనక్కి ఇవ్వలేదు. పైగా అక్కడ రాసి ఉంది, స్ట్రోలర్లు పైకి తీసుకెళ్లకూడదని. అది టికెట్ కొనేటప్పుడే చూసి ఉండాల్సింది.

ఆ తర్వాత మేం మార్చుకున్నవి మీకూ పనికొస్తాయేమో. టైము రాసి ఉన్న టికెట్ ఏదైనా సరే పొద్దున్న మొదటి పనిగానే పెట్టుకుంటున్నాం, మధ్యాహ్నం తర్వాత ఏదీ ముందే కొనడం లేదు. మూసే టైము కాకుండా ఆఖరి ప్రవేశం ఎన్నింటికో చూస్తున్నాం, చాలాచోట్ల అది అరగంటో గంటో ముందే ఉంటుంది. పట్టాలు, కాలువ మీది జాలీలు తిన్నగా, అడ్డంగా దాటాలి, ఐమూలగా కాదు. వీలైతే బండిని వెనక్కి తిప్పి పెద్ద చక్రాలు ముందు దాటించాలి. నెలకోసారి చక్రాలు విప్పి వెంట్రుకలు తీసి సిలికాన్ స్ప్రే కొడుతున్నాం. మామూలు నూనె వేస్తే దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుంటుంది. కొత్త చక్రం విడిగా దొరికింది కానీ రావడానికి మూడు వారాలు పట్టింది.

సీటు గురించి పైన అంత చెప్పాను కానీ, పూర్తిగా వాల్చినప్పుడు కింద బుట్టలో చెయ్యి పెట్టడానికి వీలుండదు, నీళ్ల సీసా కావాలన్నా పిల్లని కదిలించాలి. బరువంతా వెనక్కి పోతుంది కాబట్టి హ్యాండిల్‌కి బ్యాగు తగిలించామంటే అంతే, పాప దిగగానే ఒకసారి బండి వెల్లకిలా పడింది. దించడం ఎంత సుఖమో పైకి లాగడం అంత సుఖం కాదు, రెండు చేతులూ కావాలి. పైకప్పు పొట్టిది, వాల్చితే ఎండ ముఖం మీదే పడుతుంది. మొదట్లో పలుచటి గుడ్డ కప్పేదాన్ని, అలా కప్పితే గాలాడక లోపల వేడి బాగా పెరిగిపోతుందని, పిల్లలకి ప్రమాదమని తెలిశాక మానేశాను. విడిగా చిన్న గొడుగు బిగించాం. మూడేళ్లు దాటాక కాళ్లు కిందికి వేలాడటం మొదలైంది, మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటే రాత్రి పదకొండు దాకా ఆటలే. చివరి ప్రయాణంలో నేనే మధ్యాహ్నం నిద్ర ముప్పావుగంటకి తగ్గించాను.

మడత పట్టించుకోను అన్న మాట కూడా మేం ఇద్దరం ఉన్న ప్రయాణాలకే. ఒక్కదాన్నే పాపతో వెళ్లినప్పుడు, బస్సు ఎక్కేముందు ఒక చేత్తో పాప, ఒక చేత్తో బండి, ఆ ఒంటి చేతి మడతే నన్ను కాపాడింది. మీరు ఎక్కువగా ఒంటరిగా తిరిగేవాళ్లయితే నా సలహా సగం పక్కన పెట్టండి. కోటలు, మెట్లు, ఇసుక ఎక్కువున్న ఊళ్లయితే ఏ స్ట్రోలరూ అంత ఉపయోగపడదు, వీపున మోసుకునే క్యారియరే నయం. మీ పిల్లలు పగలు పడుకోవడం మానేసి ఉంటే ఈ సీటు కోసం ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పని లేదు. పిల్లల బరువు కూడా చూసుకోండి, స్ట్రోలర్ల భద్రతకి యూరప్ పెట్టిన ప్రమాణం ఈఎన్ 1888లో మొదటి భాగం 15 కిలోల దాకా, రెండో భాగం 15 నుంచి 22 కిలోల దాకా. మీ బండి లేబుల్ మీద ఏది రాసి ఉందో కొనేముందే చదవండి.

మాది ఇప్పుడు చెల్లెలి దగ్గర ఉంది, వాళ్ల బాబుకి ఎనిమిది నెలలు. ఇచ్చేముందు ముందు చక్రం విప్పి ఇరుసు ఎలా శుభ్రం చేయాలో చూపించాను. అప్పటికే మళ్లీ నాలుగు వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి.