టీజీఏతో గోగునార ప్లాస్టిక్ కైనెటిక్స్: కొన్నేళ్లు వాడాక నా మాట

విజయనగరంలో ఒక కాలేజీ ల్యాబ్‌లో కొన్నేళ్లుగా టీజీఏ (థర్మోగ్రావిమెట్రిక్ అనాలిసిస్, అంటే శాంపిల్‌ని వేడిచేస్తూ బరువు కొలిచే) మిషన్ నడుపుతున్నాను. మాకు ఎక్కువగా వచ్చే శాంపిల్ గోగునార కలిపిన పాలీప్రొపిలీన్. వేడెక్కుతుంటే బరువెంత తగ్గిందో మిషన్ చక్కగా చెబుతుంది, అందులో వంక పెట్టలేను. నా పేచీ అంతా దానితో ఇచ్చిన కైనెటిక్స్ సాఫ్ట్‌వేర్‌తోనే, అంటే పదార్థం ఎంత వేగంగా విచ్ఛిన్నమవుతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌తో.

ఒక్క రన్ ఇస్తే చాలు, బటన్ నొక్కగానే యాక్టివేషన్ ఎనర్జీ (విచ్ఛిన్నం జరగడానికి దాటాల్సిన శక్తి గడప) చేతిలో పెడుతుంది. లోపల ఉన్నది కోట్స్-రెడ్‌ఫెర్న్ పద్ధతి: రియాక్షన్ ఏ మోడల్‌లో నడుస్తుందో ముందే అనుకుని డేటాని గ్రాఫ్ గీస్తారు, గీత తిన్నగా వస్తే మోడల్ కుదిరినట్టు, దాని వాలు నుంచి ఎనర్జీ తీస్తారు. అదే డేటాని ఒకసారి ఫస్ట్ ఆర్డర్ మోడల్ అనుకుని, ఇంకోసారి అవ్రామి ఎ2 అనే మోడల్ అనుకుని చూడండి. రెండుసార్లూ గీత తిన్నగానే వస్తుంది, ఎనర్జీ మాత్రం రెండోసారి దాదాపు సగమైపోతుంది. గీత చూసి నమ్మాలంటే రెండూ నిజమే మరి!

అందుకని ఆ బటన్ జోలికి పోవడం మానేశాం. నిమిషానికి 2.5, 5, 10, 20 డిగ్రీల చొప్పున వేడెక్కిస్తూ నాలుగు రన్‌లు తీసి, డేటా ఎక్సెల్‌లో వేసుకుని, మోడల్ ముందే అనుకోనక్కర్లేని కిసింజర్-అకాహిరా-సునోసే పద్ధతిలో లెక్క కడతాం. ఫ్రీడ్‌మన్ పద్ధతి కూడా మంచిదే కానీ అందులో డెరివేటివ్ తీయాలి, డేటాలో చిన్న కుదుపు కూడా పెద్దదై కూర్చుంటుంది. ఇలా నాలుగు రన్‌లతో చేస్తే ప్రతి కన్వర్షన్ (శాంపిల్‌లో ఎంత భాగం విచ్ఛిన్నమైందో ఆ అంకె) దగ్గర ఎనర్జీ విడిగా తెలుస్తుంది. నైట్రోజన్‌లో నార 220-250 డిగ్రీల దగ్గరే విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది, పాలీప్రొపిలీన్ 400 దగ్గరికి వస్తే గానీ పెద్దగా కదలదు. ఆ రెండిటికీ కలిపి ఒకే అంకె ఏం చెబుతుంది? ఇక్టాక్ (థర్మల్ అనాలిసిస్ వాళ్ల అంతర్జాతీయ సమాఖ్య) కమిటీ 2011 సిఫార్సుల్లో కూడా ఒకే వేగంతో వేడెక్కించి తీసిన డేటాని నమ్మొద్దనే ఉంది.

ఓపిక మాత్రం కావాలి. 2.5 డిగ్రీల రన్ 600 దాకా పోవడానికి నాలుగు గంటలు పడుతుంది. మూడో గంటలో కరెంటు పోయిందా, రన్ గల్లంతే. యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోకండి.

శాంపిల్ దగ్గర ఇంకో తిప్పలు. ఐదు మిల్లీగ్రాముల ముక్క కోస్తే ఒకదాంట్లో నారే ఉంటుంది, ఇంకోదాంట్లో ప్లాస్టికే ఉంటుంది. బ్లేడుతో పొడిలా తరిగి, కలిపి, నాలుగు రన్‌లకీ ఒకే బరువు వేయాలి. పోగులు ట్వీజర్‌కి అతుక్కుని పాన్‌లో పడవు, ఫ్యాన్ ఆపకపోతే కాటా అంకె నిలవదు. వానాకాలంలో నార తేమ పీలుస్తుంది కాబట్టి, ఆ నీరు పోయిన బరువు లెక్కలోకి రాకుండా కన్వర్షన్ సున్నాని 150 డిగ్రీల దగ్గర పెట్టుకుంటాం.

నైట్రోజన్‌లో వచ్చిన విలువలతో గాలిలో వాడే వస్తువు ఆయుష్షు లెక్కగట్టమని అడిగేవాళ్లు ఉంటారు. కుదరదు, గాలిలో పాలీప్రొపిలీన్ కథే వేరు.

కొనేవాళ్లకి నా సలహా: డెమోలో క్యాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్ పెట్టించండి. బరువు 12.3, 19.2, 30.1 శాతం చొప్పున తగ్గుతూ మూడు మెట్లు రావాలి. ఆ తర్వాత రా డేటా టెక్స్ట్ ఫైల్‌గా బయటికి వస్తుందో లేదో చూడండి. రాకపోతే కైనెటిక్స్ కోసం ఆ మిషన్ కొనకండి.