జనరేటివ్ ఫిల్: పెళ్లి ఆల్బమ్ పనిలో ఎంతవరకు నమ్మొచ్చు

ఫోటోలో మనం ఎంచిన భాగాన్ని ఏఐతో కొత్తగా గీసి నింపే ఫోటోషాప్ సాధనం జనరేటివ్ ఫిల్. 2023 మేలో బీటాలో వచ్చినప్పటి నుంచి దాన్ని ఆల్బమ్ డిజైనింగ్‌లో వాడుతున్న అనుభవంతో రాస్తున్న సమీక్ష ఇది. వెనకున్న గోడకి వాడండి, ముందున్న మొహానికి వాడకండి. మిగతాదంతా దీనికి వివరణే.

మండపం పక్కన వేలాడే వైరు, ఫ్రేములోకి దూరిన స్టాండు ఫ్యాను, వీడియో లైటు, ప్లాస్టిక్ కుర్చీ... వీటిని తీసెయ్యడంలో దీని చెయ్యి బాగా తిరిగింది. లాసో టూల్‌తో వస్తువు చుట్టూ గీసి, ఏం కావాలో రాసే ప్రాంప్ట్ పెట్టె ఖాళీగా వదిలి జనరేట్ నొక్కితే మూడు రకాలు చూపిస్తుంది. వస్తువు అంచుకు 15, 20 పిక్సెళ్లు ఎడంగా చుట్టాలి, దాని నీడను కూడా కలుపుకోవాలి. నీడ మిగిలిపోతే, ఆ నీడకు తగ్గ వస్తువును అదే కొత్తగా పుట్టిస్తుంది. మనిషిని ఒంటి గీత వెంట బిగుతుగా సెలెక్ట్ చేసినా ఇంతే: ఒక బంధువును తీసేస్తే ఊరూ పేరూ లేని ఇంకో బంధువు వచ్చి నిలబడతాడు! చిన్న చిన్న మచ్చలకు రిమూవ్ టూల్ చాలు, జనరేట్ నొక్కినప్పుడల్లా ఖర్చయ్యే క్రెడిట్లు వృథా చేసుకోవద్దు.

అసలు తిప్పలు సైజు దగ్గర. 12×36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్ షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 10,800×3,600 పిక్సెళ్లు. జనరేటివ్ ఫిల్ మొదట్లో ఒక్కో సెలెక్షన్‌కు 1024×1024 మాత్రమే గీసి, దాన్నే సాగదీసేది. కొత్త మోడళ్లు మెరుగే, కానీ షీటు సైజుకు అవీ చాలవు. స్క్రీన్ మీద బాగానే కనిపిస్తుంది, ప్రింటులో ఆ భాగం మైనం పూసినట్టు ఉంటుంది. అందుకే వెయ్యి పిక్సెళ్ల లోపు ముక్కలుగా, ఒకదాని మీదకి ఒకటి కొంచెం ఎక్కేలా నింపాలి. తర్వాత ఆ లేయరుకు 1, 2 శాతం నాయిస్ వేస్తే కెమెరా గ్రెయిన్‌తో కలుస్తుంది. పూల గోడ, కర్టెన్, ఆకాశం అయితే ఈ అతుకులు బయటపడవు. పట్టుచీర జరీ అంచును మాత్రం ఇలా పొడిగించవద్దు. ప్రతి ముక్కలో బుటా మారిపోతుంది, చీర కొన్నవాళ్లు ఇట్టే పట్టేస్తారు. నగలూ అంతే. కాసులపేరు అడిగితే ఏదో గొలుసు గీస్తుంది.

పాత ఫోటోల బాగుచేత పేరుతో జరుగుతున్నది చాలావరకు బాగుచేత కాదు. చిరిగిన చోట కన్ను లేకపోతే, పోయిన కన్ను దానికి తెలియదు, ఏదో ఒక కన్ను గీస్తుంది. తాతగారి మొహం నున్నగా వస్తుంది, కానీ ఆయన మొహం కాదు. గోడ, చొక్కా, అంచుల చిరుగులు దీనికి అప్పగించి, మొహం మీది గీతలను హీలింగ్ బ్రష్‌తో చేత్తో తీయడమే మంచిది.

మాటల్లో చెబితే ఫోటో మార్చే జెమినీ లాంటి చాట్ ఎడిటర్లతో చిక్కు వేరు. ‘పంచె రంగు మార్చు’ అని అడిగినా బొమ్మ మొత్తాన్ని మళ్లీ గీస్తాయి. మార్పు మీద మార్పు అడిగేకొద్దీ చర్మం ప్లాస్టిక్‌లా మారుతుంది, నుదుటి బొట్టు జరుగుతుంది. వచ్చిన బొమ్మను అసలు ఫోటో పైన లేయరుగా పెట్టి, ఆటో అలైన్ లేయర్స్‌తో సర్ది, మాస్కులో పంచె ఒక్కటే తెరవండి. మొహం అసలు ఫోటోదే మిగులుతుంది.

ఇక తెలుగు అక్షరాలు. ఫ్లెక్సీ మీద పేరు మార్చమంటే జనరేటివ్ ఫిల్ ఒత్తులు, గుణింతాలు కలగాపులగం చేసి లిపిలాంటిదేదో గీసి ఇస్తుంది. పాత అక్షరాలను చెరిపించడం వరకే దాని పని. కొత్తవి టెక్స్ట్ లేయరులో మనమే టైపు చేయాలి. యూనికోడ్ కాని పాత తరహా అను ఫాంట్లు వాడేవారికి ఇబ్బంది లేదు. యూనికోడ్ ఫాంటు అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి, లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కకు పడతాయి.