బండికొక గుంజ: గ్యారేజీ లేని ఇంట్లో ఆరేళ్ల అనుభవం

విశాఖపట్నం పెదవాల్తేరులో మాది పాత ఇల్లు. నాన్నగారు కట్టించిన రోజుల్లో మా వీధిలో సైకిళ్లే ఎక్కువ కాబట్టి, బండికంటూ ప్రత్యేకంగా చోటు వదలాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ప్రహరీకీ వీధి గదికీ నడుమ ఐదడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడవు ఉన్న గచ్చు, మూడడుగుల గేటు, ఆ గేటు ముందు రెండు మెట్లు, ఉన్నది ఇంతే. అందువల్ల 2018 ఆగస్టు దాకా నా పాత బండి కవరు కప్పుకొని ప్రహరీ బయట వీధిలోనే ఉండేది. ఒక రోజు తెల్లవారి తలుపు తీసి చూస్తే, రాత్రి కురిసిన వానకు వీధంతా తడిసి ఉండగా, బండి ఉండవలసిన చోట మాత్రం దాని ఆకారంలో పొడి నేల మిగిలి ఉంది. వాన వెలిసిన తరువాతే ఎత్తుకుపోయారన్నమాట. ఆ పొడి మచ్చ పక్కన హ్యాండిల్ లాకు నుంచి విరిగిన గోరంత ఇనుప ముక్క దొరికింది. బండి మాత్రం ఈనాటికీ దొరకలేదు.

అదే ఏడాది డిసెంబరులో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కొన్నాను. ఈసారి బండి రాత్రిపూట గేటు లోపలే ఉండాలని, లోపల ఉన్నా కట్టేసి ఉండాలని నిశ్చయించుకున్నాను. అందుకోసం చేయించినవీ కొన్నవీ ఆరేళ్లకు పైగా రోజూ వాడిన మీదట వాటిలో ఏది నిలబడింది, ఏది డబ్బు దండగ అయింది అన్నది ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు గుంజ గురించి చెప్పాలి. పశువును కట్టేవాళ్లు పలుపు కంటే ముందు గుంజ సంగతి చూసుకుంటారు, ఎందుకంటే గుంజ కదిలితే పలుపు ఎంత గట్టిదైనా ఉపయోగం లేదు. బండి విషయానికి వచ్చేసరికి మనలో చాలామంది తాళం కొనడంతోనే ఆగిపోతాం. నూటతొంభై కిలోల బండిని నలుగురు మనుషులు పట్టి చిన్న ట్రాలీ ఆటోలోకి ఎక్కించడం నిమిషం పని. డిస్క్ లాకు చక్రం తిరగకుండా ఆపుతుందే గాని బండి నేల మీద నుంచి లేవకుండా ఆపలేదు. హ్యాండిల్ లాకు సంగతి ఆ ఇనుప ముక్కే చెప్పింది. కదలని దేనికైనా కట్టనంతకాలం బండికి వేసిన తాళాలన్నీ బండితో పాటే వెళ్లిపోతాయి.

మొదట నేను అనుకున్నది ఒక ఇనుప పలకకు రింగు వెల్డింగ్ చేయించి, గచ్చులోకి నాలుగు యాంకర్ బోల్టులు దింపి బిగించడం. మా వీధి చివర వెల్డింగ్ షాపు నడిపే పెద్దాయన వచ్చి, గచ్చును సుత్తితో రెండు చోట్ల తట్టి చూసి ఒప్పుకోలేదు. "ఇది రెండంగుళాల గచ్చండి బాబూ, కిందంతా ఇసకే. బోల్టులేసి బిగిస్తే పలుగుతో ఒక్క పెకిలింపుకి పలకతో సహా లేచొచ్చేస్తాది. కమ్మీ వంచి కాంక్రీటులో పాతేయండి, నేలతో పాటే ఉంటాది" అన్నారు. ఆ మాట విన్నందుకు నేను ఇప్పటికీ సంతోషిస్తాను. పార్కింగ్ టైల్స్ పరిచిన ఇళ్లలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం, ఎందుకంటే ఆ టైల్స్ ఇసుక మీద కూర్చున్నవే తప్ప నేలను పట్టుకొని ఉన్నవి కావు.

చేసిన పని ఇది. పదహారు ఎం.ఎం. నునుపు కమ్మీని యూ ఆకారంలో వంచి, దాని రెండు కాళ్లనూ అడుగున బయటికి మడిచి, వాటికి అడ్డంగా రెండు కమ్మీ ముక్కలు వెల్డింగ్ చేశారు. పదిహేను అంగుళాల చదరంలో, అడుగున్నర లోతున, పైన ఇరుకుగా అడుగున వెడల్పుగా ఉండేలా గొయ్యి తవ్వించి, ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాలు ఇసుక, మూడు పాలు 20 ఎం.ఎం. కంకర కలిపి నింపించాను. పది రోజుల పాటు తడి గోనెసంచులు కప్పి ఉంచాము. అంతా గట్టిపడ్డాక నేలలో ఉన్న దిమ్మ బరువే నూటయాభై కిలోలు దాటుతుంది, పైగా దాని అడుగుభాగం వెడల్పు కాబట్టి చుట్టూ ఉన్న మట్టి దాన్ని పైకి రానివ్వదు. కూలితో కలిపి అప్పట్లో ఖర్చు రెండువేల రెండువందల రూపాయలు. ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికంటే తక్కువ ఖర్చయినదీ, ఇప్పటిదాకా అన్నిటికంటే ఎక్కువ పనిచేసినదీ ఇదే.

ఇందులో నేను చేసిన పొరపాటు ఒకటుంది. నడిచేవాళ్ల కాలికి తగులుతుందేమోనని రింగును నేల మట్టానికి మూడంగుళాలు లోపలికి, చిన్న గుంటలో ఉండేలా పెట్టించాను. మొదటి వర్షాకాలంలోనే ఆ గుంటలో నీళ్లు నిలిచాయి, దోమ పిల్లలు కనిపించాయి, కమ్మీ కాంక్రీటులోకి దిగే మెడ దగ్గర తుప్పు మొదలైంది. రెండో ఏడు ఆ గుంటను సిమెంటుతో పూడ్పించి, రింగు రెండంగుళాలు మాత్రమే పైకి కనబడేలా చేయించాను. అది గోడకు జానెడు దూరంలో, బండి వెనుక చక్రం నిలిచే చోటనే ఉంది కాబట్టి ఎవరి కాలికీ అడ్డం రాదు, పలుగు పెట్టి తిప్పడానికి కూడా చోటు చాలదు.

తరువాతిది గొలుసు. హార్డ్‌వేర్ షాపుల్లో కిలోల లెక్కన దొరికే మామూలు గొలుసు మెత్తని ఇనుము, చూడటానికి లావుగా ఉన్నా కట్టర్‌కు ఆగదు. కొనేముందు ఒక ఆకురాయి వెంట తీసుకెళ్లి లింకు మీద రుద్ది చూడమని నా సలహా. కాల్చి గట్టిపరచిన ఉక్కు మీద ఆకురాయి పట్టు దొరకక జారిపోతుంది, మెత్తని ఇనుము మీద మాత్రం వెంటనే తెల్లగా గీత పడుతుంది. నాది పన్నెండు ఎం.ఎం. మందంతో నలుపలకల లింకులున్న గొలుసు, పొడవు నాలుగడుగులు, బరువు దాదాపు నాలుగు కిలోలు. బండి మీద వేసుకొని తిరగడానికి పనికిరాదు గాని, ఇంట్లో రింగుకే వేలాడుతూ ఉండే గొలుసు బరువెక్కితే నష్టం లేదు.

గొలుసును ఎలా వేయాలన్నది కూడా అంతే ముఖ్యం. ముందు చక్రానికి వేస్తే ఇరుసు నట్టు విప్పి చక్రాన్ని గొలుసుకే వదిలేసి మిగతా బండి పట్టుకుపోవచ్చు. నా బండివి ఊచల చక్రాలు కాబట్టి ఊచలను మాత్రమే నమ్ముకుంటే వాటిని కత్తిరిస్తారు. అందుకని వెనుక చక్రం రిమ్మునూ టైరునూ చుట్టి, స్వింగ్ ఆర్మ్‌ను (వెనుక చక్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ఇనుప చేతిని) కూడా కలుపుకొని రింగులోకి దింపుతాను. తాళం వేశాక గొలుసు ఎక్కడా నేలకు ఆనకూడదు. నేల మీద పడి ఉన్న గొలుసుకు కట్టర్ పిడి ఒకటి నేలకు ఆనించి, రెండో దాని మీద మనిషి తన బరువంతా వేయగలడు. సమ్మెటతో కొట్టేవాడికి ఆ నేలే దాగలి అవుతుంది. గాలిలో బిగువుగా ఉన్న గొలుసు మీద ఈ రెండూ సాగవు.

దీనికి రుజువు 2021 జూన్‌లో నా ఇంటి ముందే దొరికింది. పొద్దున్న పాలకోసం లేచి చూసేసరికి గేటు గడియ తీసి ఉంది. గొలుసు మీద తొడిగిన పాత సైకిలు ట్యూబు ఒక చోట చీలి వేలాడుతోంది. ట్యూబు పక్కకు తీస్తే లింకుకు రెండు వైపులా ఎదురెదురుగా నెలవంక ఆకారంలో రెండు గాట్లు కనిపించాయి. లోతు అర మిల్లీమీటరు కూడా ఉండదు, కానీ ఈనాటికీ వేలు పెడితే గరుకుగా తగులుతాయి. హ్యాండిల్ లాకు అప్పటికే విరిచేశారు, బండిని అటూ ఇటూ లాగి చూసినట్టు గచ్చు మీద టైరు గీతలున్నాయి. రింగు వెంట్రుకవాసి కూడా కదలలేదు. బ్యాటరీతో నడిచే గ్రైండర్ తెస్తే ఈ గొలుసు కూడా కొన్ని నిమిషాల్లో తెగుతుందని నాకు తెలుసు, దానికి ఆగే గొలుసును నేను చూడలేదు. అయితే ఆ చప్పుడు, ఆ నిప్పురవ్వలు మా పడకగది కిటికీకి ఐదడుగుల దూరంలో రావాలి. చోటు ఎంచుకున్నప్పుడు నేను ఆలోచించింది అదే.

సముద్రపు గాలి మా ఊళ్లో దొంగకంటే ఓపికగల శత్రువు. గొలుసుతో పాటు వచ్చిన గుడ్డ తొడుగు తేమను పీల్చి పట్టుకోవడంతో నాలుగు నెలల్లోనే లింకులు ఎర్రబడ్డాయి. దాన్ని తీసేసి సైకిలు ట్యూబు తొడిగి, నీరు దిగిపోవడానికి అడుగు వైపు చిన్న చిన్న గాట్లు పెట్టాను. మొదటి తాళం ఉక్కుది. రెండో వర్షాకాలంలో తాళంచెవి లోపల తిరగక ఆఫీసుకు ఆటోలో వెళ్లవలసి వచ్చింది. కొబ్బరినూనె పోస్తే ఆ రోజుకు తెరుచుకుంది గాని, వీధి దుమ్ము నూనెతో కలిసి లోపల ముద్దలా పేరుకుంది. ఇప్పుడు వాడుతున్నది ఇత్తడి ఒళ్లున్న తాళం. నెలకొకసారి గ్రాఫైట్ పొడి వేస్తాను, తాళంచెవి రంధ్రం ఎప్పుడూ కిందికే ఉండేలా వేలాడదీస్తాను. నాలుగేళ్లుగా ఇబ్బంది పెట్టలేదు.

కవరు విషయంలో నా అభిప్రాయం పూర్తిగా మారింది. బండి కొన్న కొత్తలో కవరు కప్పకుండా ఒక్క రాత్రి కూడా ఉంచలేదు. వెండి పూత ఉన్న ఆ కవరు ఎనిమిది నెలల్లో ఎండకు పొట్టు రాలడం మొదలుపెట్టింది. అంతకంటే బాధపెట్టింది దాని కింద జరిగిన నష్టం. ఉప్పు తేమ లోపల చిక్కుకొని, సైలెన్సర్ క్రోమ్ మీదా రిమ్ముల మీదా ఆవగింజలంత గోధుమ చుక్కలు తేలాయి. రాత్రంతా వీచే గాలికి కవరు ఊగి, దాని కింద చేరిన సన్నని ఇసుకతో ట్యాంకు పెయింటు మీద గీతలు పడ్డాయి. వేడి సైలెన్సర్ మీద తొందరపడి కప్పినందుకు ఒక చోట కవరు కరిగి అంటుకుపోయింది కూడా. మూడో ఏడు గచ్చు పైన నాలుగడుగుల మేర ఫైబర్ రేకు వేయించాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా వీధిలో రేకులను ఎలా లేపిందో చూసినవాణ్ణి కాబట్టి, రేకును పట్టి ఉంచే కొక్కెం ఆకారపు జె-బోల్టులు మామూలుగా వేసే వాటికి రెట్టింపు వేయించాను. రేకు కింద, గాలి ఆడేచోట, ఒక నూలు దుప్పటి మాత్రమే కప్పి, వారానికొకసారి మంచినీళ్లతో కడిగి తుడిచిన ఈ మూడేళ్లలో కొత్త తుప్పు చాలా తక్కువ. కవరు వల్ల ఉన్న లాభం వీధిలోంచి చూసేవాడికి లోపల ఏ బండి ఉందో తెలియకపోవడం, ఆ పని దుప్పటి కూడా చేస్తుంది.

గేటు మెట్ల మీదుగా బండి ఎక్కించడానికి ఆరడుగుల చెకర్డ్ ప్లేటుతో (పైన గరుకు గీతలుండే ఇనుప రేకుతో) తీసి పెట్టుకునే ర్యాంపు చేయించాను. పక్కా ర్యాంపు కట్టిస్తే వీధి కాలువ మీదికి వస్తుంది, అది సరికాదు. ర్యాంపు లోపల పెట్టేసుకోవడం వల్ల, బండిని బయటికి దించాలనుకునేవాడికి రెండు మెట్లు అదనపు అడ్డంకి అయ్యాయి. వానలో మాత్రం ప్లేటు జారుతుంది, మొదటి గేరులో పక్కన నడుస్తూ నెమ్మదిగా ఎక్కించాలి.

చప్పుడు చేసే అలారం డిస్క్ లాకు కొన్నాను, మూడు నెలల్లో పక్కన పెట్టేశాను. పిల్లి దూకినా ఉరిమినా మోగేది, ఆ తరువాత అది మోగినా వీధిలో ఎవరూ తల తిప్పేవారు కాదు. సీసీ కెమెరా పరవాలేదు గాని, రాత్రి దాని వెలుగుకు పురుగులు చేరి, వాటికోసం సాలీడు లెన్స్ ముందే గూడు కడుతుంది. వారం వారం తుడవకపోతే తెల్లని పొగ తప్ప ఏమీ కనబడదు. 2021 నాటి ఆ రాత్రి నా కెమెరాలో కనబడింది అదే. ఎలుకల గురించి కూడా ఒక మాట. సీటు కింద వైర్లు ఒకసారి కొరికేశాయి. చిన్న గుడ్డసంచిలో కలరా ఉండలు వేసి అక్కడ కట్టాక మళ్లీ రాలేదు.

చోటు లేని చాలా ఇళ్లలో బండిని మెట్ల కింద పెడతారు. మా ఇంట్లోనూ ఆ మాట వచ్చింది, నేను వద్దన్నాను. కరెంటు మీటర్ల బోర్డు సాధారణంగా అక్కడే ఉంటుంది, పెట్రోలు ట్యాంకు దాని కిందికి చేరుతుంది, పై అంతస్తు వాళ్లు దిగడానికి ఉన్నది ఆ ఒక్క దారే. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో అంటుకున్న మంటల పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కి ఎనిమిది మంది ప్రాణాలు తీసింది. అక్కడ అంటుకున్నది బ్యాటరీ బండ్లు, నాది పెట్రోలు బండి, కానీ పొగకు మెట్లే దారి అవుతాయన్నది రెండు చోట్లా ఒకటే. బండి పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.

ఇన్సూరెన్స్ గురించి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు, ఎందుకంటే నా పాత బండి పోయినప్పుడు నాకు ఒక్క రూపాయి రాలేదు. దానికి ఉన్నది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే, అందులో దొంగతనానికి పరిహారం ఉండదు. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి అయింది. కొనేటప్పుడు చాలామందికి దానితో పాటు సొంత బండి నష్టానికి ఒక్క ఏడాది పాలసీనే ఇస్తారు. కాగితం మీద ఐదేళ్లని చూసి నిశ్చింతగా ఉండేవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే నలుగురున్నారు. రెండో ఏటి నుంచి ఆ భాగాన్ని విడిగా కొని కొనసాగించుకోవాలి. బండి విలువ కూడా ఏటేటా తగ్గుతుంది, నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు బండికి తరుగే 50 శాతం. పరిహారం అడిగేటప్పుడు ఎఫ్‌ఐఆర్‌తో పాటు తాళంచెవులు రెండూ చూపమంటారు కాబట్టి, రెండో తాళంచెవిని ఆర్‌సీతో కలిపి బీరువాలో పెట్టాను.

ప్రస్తుతం చేయించవలసిన పని ఒకటి మిగిలి ఉంది. తొలి ఏడాది నీళ్లు నిలిచినప్పుడు పట్టిన తుప్పు రింగు మెడ దగ్గర ఇప్పటికీ పొరలుగా రాలుతోంది. పదహారు ఎం.ఎం. ఉండవలసిన కమ్మీ అక్కడ కొలిస్తే పద్నాలుగుకు దిగింది. ఈసారి స్టెయిన్‌లెస్ స్టీలు కమ్మీతో, పాత దిమ్మకు ఆనుకునే కొత్త దిమ్మ పోయించాలని అదే పెద్దాయనకు కొలతలు ఇచ్చాను. వానలు మొదలయ్యేలోగా పని ముగించి, కాంక్రీటు ఆరేదాకా పాత రింగుకే గొలుసు వేస్తాను.