సాయినగర్ ఐఈఎల్‌టీఎస్ కోచింగ్: నాలుగు స్టార్లు

అనంతపురం సాయినగర్‌లో మేడ మీదుండే ఈ సెంటర్‌లో ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం రెండు నెలలు చదివినా. ఏసీ లేదు, ఎండాకాలం నరకమే. స్పీకింగ్ క్లాసు మాత్రం భలే ఉంటుంది. మేడం టాపిక్ రాసిన కార్డు చేతికిచ్చి, నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడమనేవారు. మొదటిరోజు నలభై సెకన్లకే నోరెండిపోయింది. "తప్పొస్తే రానీ అబ్బీ, ఆగొద్దు" అన్నారు.

జర్మనీలో దిగినాక ఆ ధైర్యంతోనే అడ్రస్ నమోదు ఆఫీసులో వచ్చీరాని జర్మన్‌తో నా పని నేనే చేసుకున్నా. ఊర్లో బ్యాంకుకు పోయినా నాయన వెనకాలే నిలబడేవాణ్ణి!

ఒక స్టార్ ఎందుకు కోసినానంటే, జర్మనీ వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకింతని మాత్రమే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు వేయాలని చివర్లో చెప్పినారు. లోను కోసం తిరిగి నాయన చెప్పులరిగినాయి. చేరేరోజే అడగండి.