గరుకు నేల, నున్నటి నీరు: 2022 నుంచి వాడుతున్న గ్లోబు సంగతి

కోనసీమలో గోదావరి గట్టుకి దగ్గర్లో, మా ఇంటి ముందు గదిలోనే చిన్న ప్లేస్కూల్ నడుపుతున్నాను. మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు పదిహేను మంది దాకా ఉంటారు. ఈ గ్లోబు 2022 వేసవిలో కొన్నాను, వెయ్యి రూపాయల పైచిలుకు పడింది. పిల్లలు చేత్తో తాకి, పని చేసి నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతి సామాన్లలో దొరికే రకం. దేశాలు, పేర్లు, గీతలు ఏమీ ఉండవు. నేల ఉన్నచోట గోధుమరంగు గరుకు, నీళ్లున్నచోట నున్నటి నీలం. అంతే.

మొదటి రోజే నోరు జారాను. "వడ్రంగి వాడే ఉప్పుకాగితంలా ఉంది కదమ్మా" అన్నాను. "ఉప్పు సముద్రంలో కదా టీచర్ ఉండేది, నేల మీద పెట్టారేంటి?" అంది నాలుగేళ్ల పాప. నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి గరుకు, నునుపు అన్న మాటలే వాడుతున్నాను.

పిల్లలకి బాగా నచ్చిన ఆట ఒకటుంది. కళ్లకి గంతలు కట్టి, గ్లోబు గిర్రున తిప్పి, వేలు పెట్టమంటాను. ఏది తగిలిందో వాళ్లే చెప్పాలి, నేను పలక మీద గీతలు గీస్తాను. భూమ్మీద నీరు 71 శాతం కాబట్టి నలభై సార్లకి ఇరవై ఎనిమిది దాకా నునుపు రావాలి. మాకెప్పుడూ తక్కువే వచ్చేది. గ్లోబులో తప్పుందేమో అనుకున్నాను. తీరా చూస్తే పిల్లల చేయి ఎప్పుడూ పైభాగం మీదే పడుతోంది. నేలలో మూడింట రెండు వంతులు ఉత్తరార్ధగోళంలోనే ఉంది మరి! ఇప్పుడు గ్లోబుని స్టాండు మీంచి తీసి ఒళ్లో పెట్టి దొర్లిస్తున్నాను.

ఇంకో సంగతి నాకు నేనే లెక్కేసుకుని ఆశ్చర్యపోయాను. ఇది అడ్డంగా 20 సెంటీమీటర్లు. అంటే ఒక మిల్లీమీటరు దాదాపు 64 కిలోమీటర్లతో సమానం. 8,849 మీటర్ల ఎవరెస్టు ఈ గ్లోబు మీద ఒక ఇసుక రేణువంత. సముద్రాల లోతు రంగు పూత మందమంత. మా కోనసీమ అంతా కలిపి ఆవగింజంత.

లోపాలు చెప్పాలి. శ్రీలంక ఇండియాకి అతుక్కుపోయి వచ్చింది, బ్లేడుతో గీకి విడదీశాను. లక్షద్వీప్ అసలు లేదు. అంటార్కిటికా కూడా గోధుమరంగే, మంచు గురించి మనమే చెప్పుకోవాలి. అన్నిటికన్నా పెద్ద బాధ, రెండో ఏడుకి ఇసుక రాలడం మొదలైంది. అందరూ ఇండియానే తడుముతారు కదా, అరిగి అరిగి మన దేశం నునుపెక్కి సముద్రంలో కలిసిపోయింది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే పలకలేదు. గోదావరి ఇసుక జల్లెడ పట్టి ఫెవికాల్‌తో అంటించాను. రంగు కలవలేదు గానీ గట్టిగానే ఉంది.

జతగా ప్లాస్టిక్ ట్రేలు కూడా కొన్నాను. ఒకదాంట్లో ద్వీపం, దాని జతలో సరస్సు. అలాగే ద్వీపకల్పానికి సింధుశాఖ (నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రం), భూసంధికి (రెండు నేలల్ని కలిపే సన్నటి నేల) జలసంధి (రెండు సముద్రాల్ని కలిపే సన్నటి నీరు). నేల ఒకదాంట్లో ఏ ఆకారంలో ఉంటుందో రెండోదాంట్లో నీరు అదే ఆకారంలో ఉంటుంది. ఆలోచన బంగారం, ఆ ట్రేలు మాత్రం దండగ. నెలకే పగిలి కారాయి. వాటి బదులు స్టీలు బేసిన్లు, బంకమట్టి, నీళ్లలో రెండు చుక్కలు బట్టల నీలిమందు. నిజానికి ఇదే మేలైంది, ఎందుకంటే మట్టి పిల్లలే పెడతారు, నీళ్లు పిల్లలే పోస్తారు.

2022 జులై వరదకి, భద్రాచలంలో 71 అడుగులు దాటిన ఆ వరదకి, గోదావరి మధ్యలో ఉన్న లంక నుంచి వచ్చే ఇద్దరు పిల్లలు రెండు వారాలు బడికి రాలేదు. వచ్చిన రోజు వాళ్లలో ఒకడు ద్వీపం బేసిన్ ముందు కూర్చుని చెంబుతో నీళ్లు పోస్తూనే ఉన్నాడు. మట్టి మొత్తం మునిగింది. పక్కవాడు "ఇప్పుడిది చెరువు" అన్నాడు. "కాదు, లంకే. నీరు తీశాక మళ్లీ కనపడద్ది" అన్నాడు వీడు. గ్లోబు మీద గరుకుకీ నునుపుకీ మధ్య గీత కదలదు. బేసిన్‌లో కదులుతుంది. ఆ తర్వాత నేను ముందు లంక అని చెప్పి, ద్వీపం అన్న మాట తర్వాతే చెబుతున్నాను.

కొనాలా అంటే, గ్లోబు కొనండి. మూడేళ్ల పిల్లలకి పేర్లున్న మామూలు గ్లోబు కన్నా ఇదే నయం. ట్రేలకి మాత్రం డబ్బులు పెట్టకండి. పాత తువ్వాళ్లు నాలుగు దగ్గరుంచుకోండి, సాయంత్రానికి మా గచ్చు మీద కూడా సరస్సులు తయారవుతాయి.